తక్‌పట్టీ చదివేదెవరు?

నిరుడు వేసవిలో మా ఊరి ఇల్లు సర్దుతుండగా, ఇనుప సందుగ అడుగున ఒక గుడ్డ మూట దొరికింది. అందులో భూమిశిస్తు రసీదులు కొన్ని, ఎప్పటిదో పెండ్లి లగ్నపత్రిక ఒకటి, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన పసుపు పచ్చని చిట్టీ ఒకటి ఉన్నాయి. చిట్టీ మొత్తం ఉర్దూలో ఉంది. అడుగున నల్లటి వేలిముద్ర. ఆ వేలిముద్ర మా తాతదని మా నాయన అన్నాడు. అందులో ఏముందో మాత్రం ఆయనకూ తెలియదు. అరవై ఏండ్లకు పైగా ఆ కాగితాన్ని దాచిన మా ఇంట్లో దాన్ని చదవగలిగినవారు ఒక్కరూ లేకపోయారు.

పాలమూరులో ఉర్దూ తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని దగ్గరకు తీసుకొని వెళ్లాను. ఆయన కళ్లద్దాలు సవరించుకొని గడగడా చదివేశారు. ఫసలీ 1355వ సంవత్సరం, అనగా మన లెక్కలో 1945-46. ఆముదాలు, ఏడు బస్తాలు. బరువు పల్లాలలోను, సేర్లలోను. ధర హాలీ సిక్కాలో. దానికింద కోతలు వరుసగా ఉన్నాయి: అడ్తి, హమాలీ, దడ్వాయి, ధర్మం, మునుపటి బాకీ. చివరకు రైతు చేతికి ఇచ్చిన పైకం. "ఇది తక్‌పట్టీ బాబూ, మీ తాత పంట అమ్మిన లెక్క" అన్నారు మాస్టారు.

ఆ మాట వినగానే నాకు నా తొలి ఉద్యోగం గుర్తుకు వచ్చింది. 2003 ప్రాంతంలో హైదరాబాదులో నేను చేసిన పని సరిగ్గా ఇటువంటి చిట్టీలను ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పంపడమే. ఎన్నో ఏండ్లు ఆ పని చేసి కూడా, దాని పూర్వీకుడు మా ఇంటి సందుగలోనే పడి ఉన్నాడని నాకు తెలియలేదు. ఆ రెండింటికీ నడుమనున్న చరిత్రను నాకు అర్థమైనంత మేరకు మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్ అనే దానిని క్లుప్తంగా ఈడీఐ అంటారు. "విద్యున్మాన దత్తాంశ వినిమయం" అని తెలుగు చేయవచ్చును గాని, ఆ మాట పలికేలోగా సరుకు లారీ దిగిపోతుంది. కనుక ఈడీఐ అనే అందాం. ఇద్దరు వర్తకుల మధ్య నడిచే కాగితాలు, అంటే ఆర్డరు, సరుకు పంపిన సమాచారం, బిల్లు, చెల్లింపు వివరం మొదలైనవి, మనిషి మధ్యలో కూర్చొని మళ్లీ టైపు చేయనక్కర లేకుండా ఒకరి కంప్యూటరు నుంచి మరొకరి కంప్యూటరుకు నేరుగా చేరడమే ఈడీఐ. అమెరికా వారి పద్ధతిలో ప్రతి కాగితానికి ఒక అంకె ఉంటుంది. 850 అంటే కొనుగోలు ఆర్డరు. 856 అంటే సరుకు బయలుదేరిందన్న కబురు. 810 బిల్లు. 820 చెల్లింపు పత్రం. 997 అనేది నాకు అన్నింటికంటె ఇష్టమైనది. "నీవు పంపిన కాగితం నాకు అందినది, చదవగలిగితిని" అని పంపినవానికి తిరిగి చెప్పే రసీదు అది.

ఈ 820 గురించి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి, ముందు ముందు పనికివస్తుంది. కొన్నవాడు బిల్లు మొత్తం చెల్లించకుండా కొంత తగ్గించి చెల్లించాడనుకోండి. తగ్గించిన మొత్తం పక్కనే, ఎందుకు తగ్గించాడో చెప్పే ఒక సంకేతానికి ఆ పత్రంలో చోటు కేటాయించి ఉంటుంది. సరుకు తక్కువ వచ్చిందా, చెడిపోయిందా, ధరలో తేడా వచ్చిందా అన్నది అందులో తెలియాలి. కారణం లేని కోత వస్తే అమ్మినవాడి లెక్కల విభాగం ఊరుకోదు, ఫోను మీద ఫోను చేస్తుంది.

నేను ఆ పనిలో చేరిన మొదటి ఏడాదే ఒక ఘనకార్యం చేశాను. ఆర్డరులో వస్తువు సంఖ్య పక్కన దాని కొలత చెప్పే రెండక్షరాల సంకేతం ఉంటుంది. ఈఏ అంటే విడివిడి వస్తువులు, సీఏ అంటే పెట్టెలు. నేను రాసిన మార్పిడి పట్టికలో రెండింటినీ ఒకే గాటన కట్టాను. అవతలివారు 48 పెట్టెలు అడిగితే, మా క్లయింటు గిడ్డంగి నుంచి 48 విడి వస్తువులు బయలుదేరాయి. తప్పు పూర్తిగా నాదే. ఆనాడు నాకు తల వాచేట్టు చీవాట్లు పడ్డాయి గాని, ఒక పాఠం మాత్రం మిగిలింది. తీగ ఎంత వేగంగా పనిచేసినా, "ఒకటి" అంటే ఏమిటో ఇద్దరూ ముందుగా ఒప్పుకోకపోతే ఆ వేగమంతా తప్పును త్వరగా చేరవేయడానికే పనికివస్తుంది.

ఈ ఒప్పుకోలు చరిత్ర బెర్లిన్ నగరంలో మొదలైందని చెబుతారు. 1948 జూన్‌లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు మార్గాలను మూసివేశాయి. ఇరవై లక్షల పైచిలుకు జనానికి తిండి, బొగ్గు, మందులు విమానాలలో చేరవేయవలసి వచ్చింది. 1949 సెప్టెంబరు వరకు సాగిన ఆ యత్నంలో సుమారు 23 లక్షల టన్నుల సరుకు ఆకాశమార్గాన దిగింది. విమానాలతో పాటు కాగితాలూ దిగాయి. ఒక్కొక్క కాగితానిది ఒక్కొక్క తీరు, ఒక్కొక్క భాష. వాటితో వేగలేక, అమెరికా సైన్యంలో మాస్టర్ సార్జెంటుగా ఉన్న ఎడ్వర్డ్ గిల్బర్ట్ తదితరులు, ఏ విమానంలోని సరుకునైనా ఒకే వరుసలో వర్ణించే ఒక పట్టికను రూపొందించారు. టెలెక్సు మీదనో టెలిఫోను మీదనో చదివి వినిపించినా పొరపాటు రాని పట్టిక అది. గమనించండి, అప్పటికి ఆ పనిలో కంప్యూటరు ప్రసక్తే లేదు. ఈడీఐకి పునాది పడిన నాడు అక్కడ ఉన్నది క్రమం గల పట్టిక ఒక్కటే.

అదే గిల్బర్ట్ తరువాత డ్యుపాంట్ రసాయనాల కంపెనీలో చేరి, 1960లలో ఆ కంపెనీకీ, సరుకు మోసే ట్యాంకర్ల సంస్థకూ మధ్య అటువంటి సందేశాలను నడిపించాడు. 1968లో అమెరికా రవాణా సంస్థలు కలిసి ఒక సమన్వయ సంఘం ఏర్పరచుకొన్నాయి. ఆ సంఘం 1975లో తొలి ప్రమాణాలను ప్రచురించింది. 1979లో ఎక్స్12 అనే జాతీయ ప్రమాణాల సంఘం పుట్టింది. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎడిఫాక్ట్ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. బెర్లిన్ నాటి పట్టిక ప్రపంచ వర్తకపు వ్యాకరణంగా మారడానికి నలభై ఏండ్లు పట్టింది.

మన బ్లాగరు మిత్రులకు ఈ విషయం వేరే వివరించనక్కర లేదనుకొంటాను. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు ఉండి, ఒకరు టైపు చేసిన "అమ్మ" మరొకరి తెర మీద గజిబిజి గుర్తులై కనిపించిన రోజులు మనం చూశాము. తెలుగుకు యూనికోడులో చోటు 1991లోనే దొరికినా, అందరం అందులోనే రాయాలని ఒప్పుకోవడానికి మరొక పదిహేనేండ్లు పట్టింది. అక్షరానికి మనం చేసుకొన్న ఒప్పందం వంటిదే బస్తాకు, క్వింటాలుకు, రూపాయికి వర్తకులు చేసుకొన్న ఒప్పందం.

ఇక మా తాత చిట్టీ దగ్గరకు వద్దాం. ఆయన ఆముదాలు అమ్మిన కాలంలో హైదరాబాదు సంస్థానం దేశంలోకెల్లా ఆముదాల పంటకు పేరుపడినది. అందులోనూ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చల్కనేలలే ప్రధానం. వాన సరిగా పడని ఎర్రనేలలో, మరే పంటా నిలువని చోట ఆముదం నిలిచేది. ఆ గింజ పల్లెటూరి దీపంలో వెలిగింది, దేశం దాటి యంత్రాలకు కందెన అయింది. 1916లో సికింద్రాబాదు నుంచి గద్వాల వరకు నిజాం రైలుమార్గం పడిన తరువాత పాలమూరు సరుకు దూరప్రాంతాలకు పోవడం సుగమమైంది.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించదగినది. రైలు ఎక్కిన క్షణం నుంచి ఆ ఆముదాలకు గట్టి కాగితాలు ఉండేవి. రైలు రసీదు ఉంటే సరుకు దానిదే. ఆ రసీదును చూపి వర్తకుడు షాహుకారు దగ్గర గాని, బ్యాంకులో గాని పైకం తెచ్చుకొనేవాడు. హుండీ ఒకటి రాసి ఇస్తే, ఎక్కడో బొంబాయిలోని ముఖం తెలియని వర్తకుడు కూడ దానిని గౌరవించేవాడు. ముఖపరిచయం లేనివారి మధ్య నమ్మకాన్ని మోసిన కాగితాలవి. పేరు లేదు గాని, ఈడీఐ లక్షణాలన్నీ వాటిలో ఉన్నాయి. ఎటు వచ్చీ ఆ గొలుసు రైతు దగ్గర మొదలు కాలేదు. అడ్తిదారు దగ్గర మొదలైంది. రైతుకూ అడ్తిదారుకూ నడుమనున్న మొదటి కొక్కెం మాత్రం నోటిమాట మీదనే వేలాడింది.

ఆ కొక్కెం ఎంత బలహీనమో చూడండి. పల్లా ఒక ఊళ్లో ఉన్నట్లు మరొక ఊళ్లో ఉండేది కాదు. ఒకే అంగడిలో కూడ ధాన్యానికి ఒక మానం, గింజలకు ఒక మానం. సంస్థానంలో చలామణి అయినది హాలీ సిక్కా, బ్రిటిషు ఇండియాలో కల్దారు రూపాయి. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. సరిహద్దు దాటే సరుకు ధర ఏ రూపాయిలో మాట్లాడుకొన్నారన్నది రైతుకు తెలిసే వీలు లేదు. నేను ఈఏకు, సీఏకు మధ్య చేసిన తప్పు ఆ అంగడిలో ప్రతిదినమూ జరగడానికి అవకాశం ఉండేది. కాకపోతే అక్కడ అది పొరపాటుగానే జరగాలన్న నియమం లేదు. దేశంలోని అనేక మండీలలో బేరం గుడ్డ కింద జరిగేది. కొనేవాడు, అమ్మించేవాడు రుమాలు కప్పిన చేతుల వేళ్లను పట్టుకొని ధర తేల్చుకొనేవారు. పంట పండించినవాడు పక్కనే నిలబడి ఆ రుమాలును చూస్తూ ఉండేవాడు.

దీనిని చక్కదిద్దే ప్రయత్నానికి మన ప్రాంతంతో చిత్రమైన సంబంధం ఉంది. దేశంలో మొట్టమొదట నియంత్రణలోకి వచ్చిన మార్కెట్టు బేరారులోని కారంజా పత్తి మార్కెట్టని, అది 1886లో హైదరాబాదు రెసిడెన్సీ ఉత్తర్వు కింద ఏర్పడిందని చెబుతారు. బేరారు అప్పుడు నామమాత్రంగా నిజాముది, పాలన ఆంగ్లేయులది. 1897లో బేరారు పత్తి, ధాన్య మార్కెట్ల చట్టం వచ్చింది. మాంచెస్టరు మిల్లులకు మంచి పత్తి సరసమైన ధరకు దొరకాలన్నదే దాని వెనుకనున్న ఆసక్తి. ఆ తరువాత 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్, రైతుకు న్యాయం జరగాలంటే నియంత్రిత మార్కెట్లు అంతటా రావాలని సిఫారసు చేసింది. ఫసలీ 1339లో, అనగా 1930లో, హైదరాబాదు సంస్థానం వ్యవసాయ మార్కెట్ల చట్టాన్ని చేసింది. మద్రాసు రాష్ట్రం వారి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం 1933లో గాని రాలేదు. ఈ ఒక్క విషయంలో తెలంగాణ కోస్తా కంటె మూడేండ్లు ముందున్నది.

ఇటువంటి చట్టాల సారం ఇది: వేలం బహిరంగంగా జరగాలి. అడ్తిదారుకు, తూకం వేసే దడ్వాయికి లైసెన్సు ఉండాలి. ఏ పనికి ఎంత వసూలు చేయాలో ముందే నిర్ణయమై ఉండాలి. వర్తకులతో పాటు రైతులు కూడ ఉన్న కమిటీ దానిని చూసుకోవాలి. ఈ కట్టుబాట్ల వల్లనే తక్‌పట్టీకి బలం వచ్చింది. చిట్టీలో కోతలన్నీ పేరు పేరునా రాయడమంటే మాటలు కాదు. ధర్మం పేర ఎంత, హమాలీకి ఎంత అన్నది వేర్వేరు గళ్లలో కనిపించడమంటే, "ఎందుకు తగ్గింది?" అన్న ప్రశ్నకు కాగితమే జవాబు చెప్పడం. 820లోని కారణ సంకేతం వంటిదే మా తాత చిట్టీలోనూ ఉంది. లేనిది ఒక్కటే, ఆ జవాబు ఆయనకు తెలిసిన భాషలో లేదు.

స్వాతంత్ర్యం తరువాత కొలతల గందరగోళం క్రమంగా తీరింది. 1950లలో హాలీ సిక్కా కనుమరుగైంది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో పల్లాలు, సేర్లు పోయి కిలోలు, క్వింటాళ్లు వచ్చాయి. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం రెండు ప్రాంతాలకూ ఒకే నియమావళిని తెచ్చింది. తక్‌పట్టీ తెలుగులోకి వచ్చింది. అయినా అది కార్బన్ కాగితం మీద రాసిన రాతే. ఒక యార్డులో ఏ ధర పలికిందో ముప్ఫై మైళ్ల అవతల తెలియడానికి మరునాటి పత్రికో, రేడియోలో బజారు ధరల ప్రకటనో దిక్కు.

ఈడీఐ మన దేశానికి రేవుల నుంచి, విమానాశ్రయాల నుంచి వచ్చింది. 1995లో ఢిల్లీ కస్టమ్స్ వారి దగ్గర ఎగుమతి, దిగుమతి పత్రాలు కంప్యూటరు ద్వారా స్వీకరించడం మొదలైంది. 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన ఐటీ చట్టాన్ని చాలామంది సైబరు నేరాల చట్టమని అనుకొంటారు. దాని పీఠిక తెరిచి చూడండి. ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్ ద్వారా జరిగే లావాదేవీలకు చట్టబద్ధత కల్పించడం కోసమని మొదటి వాక్యంలోనే ఉంటుంది. తీగ మీద వచ్చిన కాగితం కూడ కాగితమేనని రాజ్యం ఒప్పుకొన్న రోజు అది. ఆ తరువాత 2017 జులై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర సరుకులకు ఈ-వే బిల్లు, 2020 అక్టోబరు 1న ఈ-ఇన్వాయిస్ వరుసగా వచ్చాయి. ఈ-ఇన్వాయిస్ మొదట 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలకే. 2023 ఆగస్టు నాటికి ఆ హద్దు 5 కోట్లకు దిగింది. ఈ పద్ధతి వర్తించే బిల్లు ప్రతి ఒక్కటీ ఒకే పట్టికలో ఒదిగి, 64 అక్షరాల గుర్తింపు సంఖ్య పొంది గాని చెల్లదు. 1948లో బెర్లిన్‌లో కలగన్నది దేశం మొత్తానికి చట్టమైంది.

అయితే తన పంట తాను అమ్ముకొనే రైతుకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. అది ఆయనకు మేలే, కాదనను. కాని దాని పర్యవసానం ఒకటున్నది. ఈ గొలుసు కూడ, ఆనాటి రైలు రసీదు గొలుసు మాదిరే, రైతును దాటిన తరువాతనే మొదలవుతుంది.

ఆ లోటు తీర్చగల ప్రయత్నం మన రెండు జిల్లాలలోనే తొలి అడుగు వేసింది. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం జాతీయ వ్యవసాయ మార్కెట్టును, అంటే ఈ-నామ్‌ను, ఎనిమిది రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ప్రారంభించింది. ఆ 21లో అయిదు తెలంగాణవి. వాటిలో ఒకటి మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల పక్కనున్న బాదేపల్లి. మరొకటి అప్పటి నల్లగొండ జిల్లాలోని తిరుమలగిరి. అదే ఏడాది అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు తిరుమలగిరి సూర్యాపేట జిల్లాలోకి పోయింది. ఈ-నామ్ సాఫ్ట్‌వేరును నడిపే బాధ్యత దక్కినది కూడ హైదరాబాదు సంస్థకే, నాగార్జున ఫెర్టిలైజర్స్ వారి ఐకిసాన్ విభాగానికి. దీనికి ముందే 2014లో కర్ణాటక తన మార్కెట్లన్నిటిని కలిపే వేదికను నెలకొల్పి దారి చూపింది. 2018 మార్చి నాటికి ఈ-నామ్‌లో 585 మార్కెట్లు, 2020 మే నాటికి 1000 మార్కెట్లు చేరాయి.

బాదేపల్లి వంటి యార్డులో జరగవలసిన క్రమం ఇది. రైతు బండి గేటు దగ్గరకు రాగానే పేరు, ఊరు, సరుకు, బస్తాలు నమోదు చేసి ఒక లాట్ నంబరు ఇస్తారు. నమూనా తీసి తేమ, నాణ్యత పరీక్షిస్తారు. ఖరీదుదారులు కంప్యూటరులోనో ఫోనులోనో ధర కోట్ చేస్తారు. ఎవరు ఎంత వేశారో గడువు ముగిసే దాకా తెలియదు. హెచ్చు ధర తేలిన తరువాత రైతు ఒప్పుకొంటేనే అమ్మకం, లేదంటే లేదు. అటు తరువాత కాంటా, అమ్మకపు బిల్లు, బ్యాంకు ఖాతాకు చెల్లింపు, గేటు దాటడానికి అనుమతి. నా పాత వృత్తి కళ్లతో చూస్తే గేటు నమోదు 856, అమ్మకపు బిల్లు 810, చెల్లింపు 820. రుమాలు స్థానంలో తెర వచ్చింది. ఆ తెర కూడ ధరను కాసేపు దాస్తుంది గాని, చివరకు అందరి ఎదుటా విప్పుతుంది. ఇది చిన్న మార్పని నేననను.

మరి దీనితో అంతా సరిపోయిందా? లేదు. అడ్తిదారు దళారి మాత్రమే అయి ఉంటే, తెర వచ్చిన నాడే ఆయన పని ముగిసేది. విత్తనాల నాడు అప్పు ఇచ్చేది ఆయనే, పెండ్లికి, దవాఖానాకు అందుకొనేదీ ఆయన దగ్గరే, సరుకు అమ్మిన సాయంత్రమే చేతిలో నగదు పెట్టేదీ ఆయనే. మా తాత చిట్టీలోని "మునుపటి బాకీ" అన్న గడి ఈనాటికీ ఎందరి లెక్కలలోనో ఉంది. కంప్యూటరు పట్టికలో ఆ గడికి చోటు లేదు. పట్టికలో చోటు లేని బంధం పట్టిక బయట నడుస్తుంది. అప్పు ఉన్న రైతు తన సరుకును మరొకరికి అమ్మే స్వేచ్ఛ తెర మీద ఎంత ఉన్నా, ఇంటికి వెళ్లే దారిలో ఉండదు.

వడ్ల సంగతి మరొక తీరు. నల్లగొండలో సాగరు నీళ్లు వచ్చిన తరువాత ఆముదం పోయి వరి వచ్చింది, మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణమైంది. మద్దతు ధరకు వడ్లు కొనే కేంద్రాలలో, ఐకేపీ వారివైనా, సహకార సంఘాలవైనా, కొనుగోలు వివరాలు ట్యాబులో నమోదు చేస్తారు. తేమ 17 శాతం మించకూడదు. బస్తాలు లారీకి ఎక్కాక ట్రక్ షీట్ తయారవుతుంది. లారీ మిల్లుకు చేరాలి, మిల్లు వారు దించుకొని అందినదని ఒప్పుకోవాలి. అటు పిమ్మటనే రైతు ఖాతాలోకి డబ్బు కదులుతుంది. తూకం కేంద్రంలోనే ముగిసినా, ఆ సరుకు కథ మాత్రం రైతు లేని చోట, మిల్లు గేటు దగ్గర ముగుస్తుంది. తరుగు పేర బస్తాకు ఇంత అని కోత పడినదని రైతులు ప్రతి సీజనులోనూ రోడ్డెక్కడం పత్రికలలో చూస్తూనే ఉన్నాము. నాకు తోచినంతలో, వారు అడిగేది ఆ కోత ఒక్కదాన్ని గురించే కాదు. అది తమకు తెలియకుండా, తాము లేని చోట జరిగిందన్నది అసలు బాధ.

మాస్టారి దగ్గర చిట్టీ చదివించుకొన్న కొన్నాళ్లకు, మా వైపు ఒక యార్డులో చెట్టు కింద కూర్చొని ఉండగా, డెబ్బయి దాటిన పెద్దాయన ఒకాయన నా దగ్గరకు వచ్చి ఫోను చేతికిచ్చాడు.

"బిడ్డా, జర సూడు. పైసలు పడ్డయంట. ఎన్ని పడ్డయో సెప్పు."

బ్యాంకు వారి సందేశం. ఇంగ్లీషులో ఉంది. చదివి అంకె చెప్పాను.

"గంతేనా? ఇంక జర రావాలె గద. ఎందుకు తగ్గిందో రాసిన్రా అండ్ల?"

"రాయలేదు కాకా. ఎంత పడ్డదో ఒక్కటే ఉన్నది."

ఆయన ఫోను తీసుకొని తువాలుతో తుడిచి జేబులో పెట్టుకొన్నాడు. "సరే తియ్యి" అని వెళ్లిపోయాడు. బహుశా ఏ అన్యాయమూ జరగలేదేమో. హమాలీ ఖర్చో, తేమ తేడానో, మరొకటో అయి ఉండవచ్చు. ఆ వివరం ఏదో ఒక కంప్యూటరులో, ఏదో ఒక వరుసలో తప్పక ఉండి ఉంటుంది. ఆయన ఫోను దాకా మాత్రం రాలేదు.

ఆ రాత్రి మా తాత చిట్టీని మళ్లీ తీసి చూశాను. 1945 నాటి కాగితంలో ఎందుకు తగ్గిందో ఉంది, చదవడానికి ఆయనకు భాష లేదు. ఈనాటి సందేశానికి క్షణం కూడ పట్టదు, ఎందుకు తగ్గిందో అందులో లేదు, భాష కూడ ఆయనది కాదు. ఈ ఎనభై ఏండ్లలో రుమాలు పోయింది, పల్లాలు పోయాయి, హాలీ సిక్కా పోయింది. అవన్నీ నిజమైన విజయాలే. కాని అమెరికాలోని దుకాణానికి సరుకు పంపే కంపెనీకి నేను రాసిపెట్టిన ఆ చిన్న గడి, కోతకు కారణం చెప్పే గడి, మా ఊరి రైతుకు ఆయన భాషలో ఇంకా అందలేదు. అది అసాధ్యమేమీ కాదు. సాంకేతికంగా చూస్తే ఒక్క పూట పని. పట్టికను తయారు చేసేటప్పుడు బల్ల చుట్టూ కూర్చొన్నవారిలో రైతు లేకపోవడం వల్ల ఆ గడి ఎవరికీ తోచలేదు, అంతే. బెర్లిన్‌లో ఆ పట్టికను సరుకు దించుకొనేవారే రాసుకొన్నారు. కనుకనే వారికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

చివరగా ఒక సంగతి. మాస్టారు చిట్టీని తిరిగి ఇస్తూ దాని వెనుక వైపు చూపించారు. అక్కడ అక్షరాలేమీ లేవు. పెన్సిలుతో గీసిన నిలువు గీతలు ఉన్నాయి. మా తాత బండికి ఎత్తిన బస్తాలను లెక్కపెట్టుకొన్న గుర్తులవి కాబోలు. ఎనిమిది గీతలున్నాయి. ముందు వైపు లెక్కలో ఏడు బస్తాలు. ఎనిమిదవది దారిలో ఎవరికైనా ఇచ్చాడో, విత్తనాల బదులు తీర్చాడో, మరేమైనా అయిందో చెప్పగలవారు లేరు. చదవలేని కాగితం వెనుక ఆయన తన లెక్క తాను రాసుకొని, ఎనభై ఏండ్ల తరువాత ఎవరో అడుగుతారన్నట్లు దాచిపెట్టాడు.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఊళ్లలో, మీ ఇండ్లలో ఇటువంటి తక్‌పట్టీలు, శిస్తు రసీదులు, అడ్తి చిట్టీలు ఉంటే పాత కాగితాలని పారవేయకండి. చదవడం రాకపోతే చదవగలిగిన పెద్దలు ఉండగానే చదివించండి, బొమ్మ తీసి అంతర్జాలంలో పెట్టండి. వెనుక వైపు కూడ తప్పక చూడండి.